కాటాకు ముద్ర ఉంది, అంచనాకు ఏదీ?

గుంటూరు మిర్చి యార్డు వేసవి సెలవుల అనంతరం తెరుచుకున్న రోజుల్లో ఒక కమిషన్ వ్యాపారి ఈ విలేకరి ముందు రెండు కాగితాలు పెట్టారు. రెండూ ఒకే సలహా సంస్థ చందాదారులకు పంపినవే. రెండూ మిర్చి ధరల అంచనాలే. మధ్య తేడా నెల రోజులు మాత్రమే. మొదటి కాగితం ప్రకారం కోల్డు స్టోరేజీలో ఉన్న సరుకును దీపావళి వరకు ఆపితే లాభసాటి. రెండవ కాగితం ప్రకారం ఆపడం వలన ప్రయోజనం లేదు, వీలు చూసుకుని వదిలించుకోవడమే మేలు.

ఆ నెల రోజుల్లో ఏం జరిగిందని చూస్తే చెప్పుకోదగ్గది ఏదీ లేదు. యార్డు మూసి ఉంది గనుక రాబడులు లేవు. ఎగుమతి గిరాకీ నిలకడగానే ఉంది. కొత్త పంట విస్తీర్ణం గురించి కబురు రావలసిన సమయం ఇంకా కాలేదు. ఆ వ్యాపారి ఫోను చేసి అడిగితే అవతలి నుంచి వచ్చిన జవాబు ఒక్క ముక్క: "సాఫ్ట్‌వేరు కొత్త వెర్షన్‌కు మార్చామండీ, అందువలన కొంచెం తేడా వచ్చింది."

కొంచెం తేడా! ఆయనకు స్టోరేజీలో ఉన్నది కొన్ని వందల టిక్కీలు. వాటిలో సగం ఆయనను నమ్మి ఉంచిన రైతులవి. బాండ్ల మీద బ్యాంకు అప్పు, దాని మీద వడ్డీ, ఆపైన స్టోరేజీ అద్దె. "బాబూ, నా షాపులో కాటా మారిస్తే ముద్ర చూపించమని అధికారి అడుగుతాడు, రైతు కూడా అడుగుతాడు. వీళ్ళు లెక్క కట్టే కాటానే మార్చేసి ఒక్క మాటైనా కాగితంలో రాయలేదే! ఇందులో ఏ కాగితం నమ్మమంటావు?" అన్నారాయన. ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నమే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట. కంప్యూటర్ అంచనాలన్నీ బూటకమని చెప్పడం ఈ విలేకరి ఉద్దేశం కాదు. వాటిని తీసిపారేయడం ఎంత పొరపాటో, కళ్ళు మూసుకుని నమ్మడం కూడా అంతే పొరపాటు. అంచనా కూడా ఒక తూకమే. తూకానికి వర్తించే న్యాయం దానికీ వర్తించాలన్నదే ఇక్కడి వాదన.

సాలెగూడు లెక్క

ధర, సాగు ఒకదాని వెంట ఒకటి ఎలా తిరుగుతాయో మన వ్యాపారస్తులకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ ఏడు ధర పలికితే వచ్చే ఏడు అందరూ అదే పంట వేస్తారు. సరుకు వెల్లువెత్తి ధర కూలుతుంది. ఆ మరుసటి ఏడు విస్తీర్ణం తగ్గి ధర మళ్ళీ లేస్తుంది. అమెరికా ఆర్థికవేత్త మోర్డికాయ్ ఎజికీల్ 1938లోనే సాలెగూడు సిద్ధాంతం అనే శీర్షికతో దీని గురించి రాశారు. కాగితం మీద ఆ ధరల గీత గీస్తే సాలెగూటి మాదిరిగా చుట్లు తిరుగుతుంది గనుక ఆ పేరు.

మనకు ఉదాహరణలు కొల్లలు. 2015 అక్టోబరులో కందిపప్పు చిల్లర ధర కిలో 200 రూపాయలకు చేరిన సంగతి విదితమే. దేశంలో కంది దిగుబడి 2015-16లో సుమారు 25.6 లక్షల టన్నులు కాగా 2016-17లో 48.7 లక్షల టన్నులకు ఎగబాకింది. క్వింటాలుకు 5,050 రూపాయల మద్దతు ధర ఉన్నప్పటికీ 2017లో బహిరంగ మార్కెట్‌లో అంతకన్నా తక్కువకే సరుకు చేతులు మారింది. మిర్చి కథ కూడా ఇదే. 2016లో క్వింటాలు 10 వేల పైమాట పలికిన సరుకు మరుసటి సంవత్సరం కుప్పకూలింది. 2017 ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో రైతుల ఆగ్రహం కట్టలు తెంచుకుంది. ఆ తర్వాత కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 5,000 రూపాయలు ప్రకటించవలసి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఆంధ్ర ప్రదేశ్ మిర్చికి అదే పథకం కింద 11,781 రూపాయలు ప్రకటించడం కూడా అలాంటి ధరల పతనం వెనుక వచ్చినదే.

ఈ తిరుగుడును సమీకరణాలుగా రాసి, ఏడాది తర్వాత ఏడాది కంప్యూటర్ చేత లెక్క కట్టించడమే చలన నమూనా. ఇది నిన్న మొన్నటి విద్య కాదు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో జే ఫారెస్టర్ బృందం 1950 దశకం చివరిలోనే ఈ పనికి డైనమో అనే కంప్యూటర్ భాషను తయారు చేసింది. ఆ బడిలోనే డెన్నిస్ మెడోస్ 1970లో సరుకుల ఉత్పత్తి చక్రాల మీద పుస్తకం వెలువరించారు. పందులు, పశువులు, కోళ్ళ ధరలు ఎందుకు చక్రాల్లా తిరుగుతాయన్నదే అందులోని విషయం.

ఇంకొక బడి కూడా ఉంది. 1961లో జాన్ మ్యూత్ ఒక ప్రశ్న వేశారు: రైతు, వ్యాపారి నిన్నటి ధర చూసే నిర్ణయిస్తారా? రేపటి ధరను తమకు తెలిసినంతలో ఊహించుకోరా? నిల్వ పెట్టే వ్యాపారి ఉన్నాడంటేనే రేపటి మీద చూపు ఉన్నట్టు కదా! ఇలా ముందు చూపు ఉన్న నమూనాలను లెక్క కట్టడం కష్టం. నేటి ధర రేపటి ధర మీద ఆధారపడుతుంది, రేపటి ధర నేటి నిల్వ మీద ఆధారపడుతుంది. రెండింటినీ ఒకేసారి తేల్చాలి.

ఈ చిక్కు విప్పడానికి ప్రపంచమంతటా ఎక్కువగా వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్లలో డైనేర్ ఒకటి. పారిస్‌లోని సెప్‌రెమాప్ పరిశోధన సంస్థలో మిషెల్ జుయిల్లార్ దీన్ని మొదలుపెట్టారు. దాని గురించిన పరిశోధన పత్రం 1996లో వెలువడింది. సమీకరణాలు రాసి ఇస్తే వాటిని సాధించి, ఇన్ని నెలలకు ధర ఇంత, నిల్వ ఇంత అని వరుసగా చూపించడం దాని పని. కేంద్ర బ్యాంకుల పరిశోధన విభాగాలు, విశ్వవిద్యాలయాలు దీన్ని వాడుతున్నాయి. ఇది ఉచితం. అంతకన్నా ముఖ్యం, దాని లోపలి రాతప్రతి ఎవరైనా తెరిచి చూడవచ్చు. 4.5 వెర్షన్ 2017లో, 4.6 వెర్షన్ 2020లో, 5.0 వెర్షన్ 2022లో, 6.0 వెర్షన్ 2024లో విడుదలయ్యాయి. వీటి నడుమ చిన్న చిన్న దిద్దుబాటు వెర్షన్లు వస్తూనే ఉంటాయి.

పైన చెప్పిన సలహా సంస్థ వాడినది డైనేర్ అని ఈ విలేకరి అనడం లేదు. వారు వాడినది ఏమిటో ఆ రెండు కాగితాల్లోనూ లేదు. అసలు ఫిర్యాదు అదే. డైనేర్‌ను ఇక్కడ ప్రస్తావించడానికి కారణం, వెర్షన్ మారినప్పుడు ఏమి మారుతుందో బహిరంగంగా రాసి పెట్టే సాఫ్ట్‌వేరు గనుక మనం పరిశీలించడానికి వీలుగా ఉంటుంది.

వెర్షన్ మారితే మారేదేమిటి?

బి.కాం. చదివిన వారికి అకౌంటింగ్ స్టాండర్డ్ 5 గుర్తుండే ఉంటుంది. లాభనష్టాల అంకె మారడానికి గల కారణాలను అది వేరు చేసి చూపమంటుంది. పాత లెక్కలో దొర్లిన తప్పు దిద్దడం ఒకటి. లెక్క కట్టే విధానం మార్చడం మరొకటి. పరిస్థితులు మారినందువలన అంచనాను సవరించడం ఇంకొకటి. ఏ కంపెనీ అయినా సరుకు నిల్వల విలువ కట్టే పద్ధతి మార్చి లాభం పెంచి చూపితే ఆడిటర్ ఊరుకోడు. మార్చిన సంగతి, దాని వలన లాభంలో వచ్చిన తేడా నోట్సులో రాయాలంటాడు. లేకుంటే వ్యాపారం బాగా సాగి లాభం వచ్చిందా, లేక కలం మార్చినందుకు వచ్చిందా అన్నది వాటాదారుకు తెలియదు.

ధరల అంచనా మారడానికి కూడా కారణాలు ఇవే మూడు. మొదటిది, మార్కెట్ కబురు మారడం. వానలు, విస్తీర్ణం, ఎగుమతులు, దిగుమతి సుంకం వంటివి దీని కిందకు వస్తాయి. రెండవది, సాఫ్ట్‌వేరులో పాత తప్పు దిద్దడం. మూడవది, లెక్క కట్టే పద్ధతి మారడం. వ్యాపారి చందా కట్టేది మొదటి దాని కోసం. వెర్షన్ మార్పు వలన వచ్చేవి రెండవది, మూడవది. ఈ మూడింటినీ కలిపి ఒకే అంకెగా చేతికిస్తే, యార్డు మూసి ఉన్న నెలలో కూడా మార్కెట్ తిరగబడినట్టు కనిపిస్తుంది.

తప్పుల దిద్దుబాటు సంగతి ముందుగా చూద్దాం. డైనేర్ వంటి సాఫ్ట్‌వేరు దిద్దుబాటు వెర్షన్ విడుదలైనప్పుడల్లా అంతకు ముందు దానిలో ఉన్న తప్పుల జాబితా ప్రకటిస్తారు. కొన్ని తప్పులు పనిని మధ్యలో ఆపేసేవి. ఇవి ప్రమాదకరం కావు, ఆగిపోయింది గనుక వాడేవాడికి వెంటనే తెలుస్తుంది. మరికొన్ని తప్పులు చప్పుడు చేయవు. లెక్క సాఫీగా పూర్తవుతుంది, అంకె వస్తుంది, ఆ అంకె మాత్రం తప్పు. ఫలానా ఐచ్ఛికం ఫలానా సందర్భంలో వాడినవారికి మాత్రమే ఈ తప్పు తగులుతుంది. కనుక వెర్షన్ పేరు తెలిస్తే చాలు, ఆ జాబితా తీసి మన కాగితానికి తప్పు తగిలిందో లేదో తెలిసినవారి చేత చూపించుకోవచ్చు. వెర్షన్ పేరే లేకపోతే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

ఖాళీ గోదాము సమస్య

పద్ధతి మార్పు ఇంకా లోతైన సంగతి. మన సరుకుల వ్యాపారానికి నేరుగా సంబంధించినది కూడా.

గోదాములో నిల్వ సున్నా కంటే తగ్గదు. ఇది చిన్నపిల్లవాడికైనా తెలుసు. కానీ చలన నమూనాలను తేలికగా సాధించే పద్ధతికి ఇది తెలియదు. ఆ పద్ధతి మామూలు స్థితి చుట్టూ ఒక సరళరేఖ గీసి, అన్ని పరిస్థితులకూ అదే రేఖను పొడిగిస్తుంది. పంట కొంచెం తగ్గితే నిల్వ కొంచెం తగ్గుతుందంటుంది. పంట బాగా తగ్గితే నిల్వ సున్నా దాటి కిందికి పోతుందంటుంది! అంటే లేని సరుకును కూడా ఆ నమూనా మార్కెట్‌లోకి దింపి ధరను అణచి చూపుతుంది. వాస్తవంలో గోదాము ఖాళీ అయిన రోజున ధర సరళరేఖ మీద నడవదు, నిట్టనిలువుగా లేస్తుంది. 2023 జూలైలో టమాటా ధర అలాగే లేచింది. దానికి నిల్వ పెట్టే వీలే లేదు.

మామూలుగా లేని సమయాల్లో మాత్రమే తగిలే ఇలాంటి హద్దులను లెక్కలోకి తెచ్చే ఒక ఉపాయాన్ని లూకా గెరియేరి, మత్తేయో ఇయకొవియెల్లో 2015లో ప్రచురించారు. దాని పేరు ఆక్‌బిన్. వారు ముఖ్యంగా ఆలోచించినది వడ్డీ రేటు సున్నాకు దిగాక ఏమవుతుందన్నది. కానీ వారి నమూనాలో వడ్డీ సున్నా దాటనట్టే నిల్వ కూడా సున్నా దాటదు. రెండింటికీ గణితం ఒకటే. ఈ ఉపాయం డైనేర్ 5.0 వెర్షన్‌తో, అంటే 2022 నుంచి, ఆ సాఫ్ట్‌వేరులోనే భాగమైంది. అంతకు ముందు దాన్ని వేరుగా తెచ్చి అతికించుకోవలసి వచ్చేది.

ఇప్పుడు ఆలోచించండి. ఒక సంస్థ నిన్నటి వరకు సరళరేఖ పద్ధతిలో ధర చెప్పి, వెర్షన్ మార్చిన రోజునుంచి ఖాళీ గోదామును లెక్కలోకి తీసుకుంటే, మార్కెట్‌లో ఒక్క బస్తా కదలకపోయినా కొరత సంవత్సరపు అంచనా ధర మారుతుంది. ఆ మార్పు మంచిదే. కొత్త అంకె పాత అంకె కన్నా నిజానికి దగ్గర కావచ్చు. కానీ అది పద్ధతి మారినందువలన వచ్చిన అంకె, పంట తగ్గినందువలన వచ్చినది కాదు. ఈ తేడా చెప్పకపోతే వ్యాపారి దాన్ని కొరత కబురుగా తీసుకుంటాడు.

కొత్త పద్ధతి కూడా సర్వరోగ నివారిణి కాదని గమనించాలి. గోదాము ఖాళీ అయ్యాక ఏమవుతుందో ఆ ఉపాయం చెబుతుంది. ఖాళీ అవుతుందేమోనన్న భయంతో వ్యాపారి ముందుగానే నాలుగు బస్తాలు ఎక్కువ ఆపడాన్ని మాత్రం అది లెక్కలోకి తీసుకోదు. మన మార్కెట్లలో సగం ధర ఆ భయం చుట్టూనే తిరుగుతుందని అనుభవజ్ఞులు అంటారు. కనుక కొత్త వెర్షన్ అన్న మాట వినగానే నమ్మకం పెంచుకోనక్కరలేదు.

ఇక మూడవ రకం మార్పులు ఉన్నాయి. ఇవి తప్పులూ కావు, పెద్ద పద్ధతులూ కావు. ఆజ్ఞల పేర్లు మారతాయి. డైనేర్‌లో సిముల్ అనే ఒక్క ఆజ్ఞ చేసే పనిని తర్వాత రెండు వేరు ఆజ్ఞలకు పంచారు. వాడేవాడు ఏమీ చెప్పకపోతే సాఫ్ట్‌వేరు తానుగా తీసుకునే విలువలు మారవచ్చు. వాన పడుతుందా లేదా అని కంప్యూటర్ లోపల పాచికలు వేసే తీరు కూడా మారవచ్చు. ఆర్ అనే గణాంక భాష 2019 ఏప్రిల్‌లో 3.6.0 వెర్షన్‌కు వచ్చినప్పుడు యాదృచ్ఛికంగా నమూనాలు ఏరే తీరు మార్చారు. పాత వెర్షన్‌లో వచ్చిన ఏరివేత, అదే ప్రారంభ సంఖ్య ఇచ్చినా కొత్త వెర్షన్‌లో రాదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. పైగా పాత తీరులోని ఒక లోపాన్ని దిద్దడానికే అలా చేశారు. కానీ అంకెలు మాత్రం మారతాయి.

చిల్లర పైసలు ఎక్కడికి పోయాయి?

ఇదంతా పండితుల గొడవ, వెయ్యిలో ఒక వంతు తేడాకు ఇంత రాద్ధాంతం దేనికని కొందరు అనవచ్చు. వారికి కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజి అనుభవం చెప్పాలి.

ఆ ఎక్స్ఛేంజి 1982 జనవరిలో 1000 పాయింట్లతో కొత్త సూచీ మొదలుపెట్టింది. లావాదేవీ జరిగినప్పుడల్లా కంప్యూటర్ సూచీని తిరిగి లెక్క కట్టేది. రోజుకు దాదాపు 3,000 సార్లు ఇలా జరిగేది. లెక్క కట్టిన ప్రతిసారీ మూడవ దశాంశ స్థానం తర్వాత ఉన్న అంకెలను దగ్గరి అంకెకు సవరించడానికి బదులు అలాగే కోసి పారేసేవారు. ఒక్కొక్కసారి పోయేది వెయ్యో వంతులో కూడా కొంత భాగమే. కానీ పోవడం ఎప్పుడూ ఒకే వైపు. 1983 నవంబరు నాటికి సూచీ 524కు దిగింది. మార్కెట్ ఏమో అంత పడిపోలేదు. తప్పు కనిపెట్టి సరిచేస్తే సూచీ 1098 అని తేలింది. అంటే దాదాపు రెండేళ్ళ పాటు పెరిగిన మార్కెట్‌ను సగానికి పడిపోయినట్టు ఆ ఎక్స్ఛేంజి ప్రకటిస్తూ వచ్చింది.

కాటాలో ప్రతి తూకానికీ గోరంత తరుగు తీస్తే సంవత్సరం చివర కొండంత అవుతుందని యార్డులో హమాలీకి కూడా తెలుసు. చలన నమూనాలో ఇది మరీ ఎక్కువ. ఈ నెల ఫలితం వచ్చే నెల లెక్కకు పెట్టుబడి. మొదట్లో దొర్లిన చిన్న తేడా నెల నెలకూ చక్రవడ్డీ మాదిరిగా పెరగవచ్చు, లేదా చల్లారిపోవచ్చు. ఏది జరుగుతుందో లెక్క కట్టి చూస్తే తప్ప చెప్పలేం.

రెండవ ఉదాహరణ 2010 నాటిది. ప్రభుత్వాల అప్పు స్థూల దేశీయోత్పత్తిలో 90 శాతం దాటితే వృద్ధి కుంటుపడుతుందని ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ ఒక పత్రంలో రాశారు. అలాంటి దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమన్నారు. ఎన్నో దేశాల్లో ప్రభుత్వ ఖర్చుల కోతకు ఆ పత్రాన్ని సాక్ష్యంగా చూపారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్, మరి ఇద్దరు ఆచార్యులతో కలిసి ఆ లెక్క తిరగేశారు. కంప్యూటర్ పట్టికలో ఐదు దేశాల వరుసలు సగటులో చేరకుండా పోయాయని, మరికొన్ని లెక్కలు వదిలేశారని, సగటు కట్టిన తీరు కూడా సరికాదని తేల్చారు. వారు సవరించిన అంకె 2.2 శాతం. ఈ తప్పు బయటపడటానికి కారణం ఒక్కటే. అసలు పట్టికను రచయితలు ఆ విద్యార్థి చేతికి ఇచ్చారు. ఇవ్వకపోతే ఆ అంకె అలాగే నిలిచి ఉండేది.

ఎదుటి వాదనలు

సలహా సంస్థల వారితో మాట్లాడితే మూడు సమాధానాలు వచ్చాయి. వాటిని కొట్టిపారేయకుండా పరిశీలించడం న్యాయం.

మొదటిది: "వర్షం ఒక వారం ఆలస్యమైతే వచ్చే తేడా ముందు వెర్షన్ తేడా ఎంత?" ఇది చాలా వరకు నిజమే. ధరల అంచనాలో పెద్ద అనిశ్చితి ప్రకృతిది, ప్రభుత్వ నిర్ణయాలది. అయితే వాన ఆలస్యమైన సంగతి వ్యాపారి తన కళ్ళతో చూస్తాడు, దానికి తగినట్టు సర్దుకుంటాడు. వెర్షన్ మారిన సంగతి ఎవరూ చెప్పకపోతే ఆయనకు తెలిసే దారి లేదు. పైగా ఒకే కాగితం వందమంది చందాదారులకు వెళుతుంది. వందమందీ ఒకే వారంలో అమ్మకానికి దిగితే ఆ వత్తిడికే ధర జారుతుంది. అప్పుడు అంచనా నిజమైందని ఆ సంస్థ చెప్పుకుంటుంది కూడా!

రెండవది: "అలాగైతే పాత వెర్షన్‌లోనే ఉండిపోతాం, గొడవ ఉండదు." ఇది ఇంకా పొరపాటు. తప్పులున్నాయని తయారీదారులే జాబితా వేసి ప్రకటించిన వెర్షన్‌ను పట్టుకుని వేలాడటం, తరుగు పోతుందని తెలిసిన రాళ్ళతో తూచడంతో సమానం. వెర్షన్ మార్చవద్దని ఎవరూ అనడం లేదు. చెప్పి మార్చమంటున్నాం.

మూడవది: "వ్యాపారస్తులకు ఇవన్నీ రాస్తే అర్థమవుతుందా?" ఈ మాట ఈ విలేకరికి నచ్చలేదు. కాటా లోపల స్ప్రింగు ఎలా పనిచేస్తుందో రైతుకు తెలియనక్కరలేదు. ముద్ర ఉందో లేదో చూడగలిగితే చాలు. అర్థం చేసుకునే వారు పదిమందిలో ఒకరైనా ఉంటారు. ఆ ఒక్కరు అడిగే ప్రశ్న మిగతా తొమ్మిది మందికీ రక్ష.

చేయవలసినదేమిటి?

తూనికలు కొలతల చట్టం 2009 ప్రకారం యార్డులో వాడే ఎలక్ట్రానిక్ కాటాను ఏటేటా పరీక్ష చేయించి ముద్ర వేయించుకోవాలి. మరమ్మతు చేస్తే మళ్ళీ ముద్ర కావాలి. సంచి సరుకుకు ఇంత కట్టుదిట్టం ఉండగా, గోదాముల కొద్దీ సరుకును ఆపాలా, అమ్మాలా అని చెప్పే లెక్కకు ఏ కట్టూ లేదు. ప్రభుత్వమే దీనికి కూడా ముద్ర వేయాలని ఈ విలేకరి కోరడం లేదు. ఇన్‌స్పెక్టర్లతో తెమిలే పని కాదిది. చందా కట్టే వర్తకులే అడిగి సాధించుకోదగ్గది.

ప్రతి అంచనా కాగితం చివర నాలుగు పంక్తులు ఉండాలి. ఒకటి, వాడిన సాఫ్ట్‌వేరు పేరు, వెర్షన్ సంఖ్య. డైనేర్ వంటివి మాట్‌ల్యాబ్ లేదా ఆక్టేవ్ మీద నడుస్తాయి గనుక దాని వెర్షన్ కూడా రాయాలి. రెండు, ఏ తేదీ వరకు ఉన్న మార్కెట్ లెక్కలు తీసుకున్నారన్నది. మూడు, క్రితం కాగితం తర్వాత వెర్షన్ గాని, పద్ధతి గాని మారిందా అన్నది. నాలుగు, మారితే జంట తూకం ఫలితం.

జంట తూకం అంటే పెద్ద శ్రమ కాదు. కొత్త కాటా తెచ్చిన రోజు ఒకే బస్తాను పాత కాటా మీద, కొత్త కాటా మీద పెట్టి చూడమా? అదే విధంగా క్రితం నెల లెక్కలనే కొత్త వెర్షన్‌లో వేసి చూడాలి. అప్పుడు వచ్చిన తేడా అంతా సాఫ్ట్‌వేరుది. ఆపైన ఈ నెల లెక్కలు వేస్తే వచ్చే తేడా మార్కెట్‌ది. రెండు అంకెలూ పక్కపక్కన వేస్తే చాలు. డైనేర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ల పాత వెర్షన్లు అందుబాటులోనే ఉంటాయి గనుక పాతది లేదన్న సాకు చెల్లదు. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేరు అయితే పాత ప్రతిని కనీసం ఒక పంట కాలం చెరపకుండా ఉంచుకోవాలి. మన పాత చిట్టా పుస్తకాలు మనం పారేస్తామా?

వ్యవసాయ విశ్వవిద్యాలయాల మార్కెట్ ఇంటెలిజెన్స్ కేంద్రాలు విత్తనం వేసే ముందు, కోతల ముందు రైతులకు ధరల అంచనాలు విడుదల చేస్తున్నాయి. ప్రజాధనంతో నడిచే సంస్థలు గనుక ఈ నాలుగు పంక్తుల సంప్రదాయాన్ని అవి ముందుగా ప్రారంభిస్తే ప్రైవేటు సంస్థలకు తప్పించుకునే దారి ఉండదు. కమిషన్ వ్యాపారుల సంఘాలు, ఛాంబర్లు తమ సభ్యుల తరఫున చందా కట్టేటప్పుడు ఒప్పందంలోనే ఈ షరతు రాయించుకోవచ్చు.

దీని అవసరం నానాటికీ పెరుగుతోందని కూడా గమనించాలి. శనగ, ఆవాలు, సోయా, ముడి పామాయిల్, పెసర, గోధుమ, బాస్మతియేతర ధాన్యం ఫ్యూచర్స్ వ్యాపారాన్ని సెబీ 2021 డిసెంబరులో నిలిపివేసి, ఆ తర్వాత గడువు పొడిగిస్తూ వచ్చింది. ఫ్యూచర్స్ నడిచే సరుకులో పదిమంది డబ్బు పెట్టి పలికే ముందు ధర ఒకటి కళ్ళ ముందు ఉంటుంది. సలహా కాగితం తప్పయితే ఆ ధర దాన్ని ఎత్తి చూపుతుంది. అది లేని సరుకుల్లో కాగితాన్ని సరిచూసుకోవడానికి మరొక కాటా లేదు. అలాంటప్పుడు ఉన్న ఒక్క కాటా ముద్ర లేనిదైతే ఎలా?

మొదట్లో చెప్పిన కమిషన్ వ్యాపారి ఏం చేశారని పాఠకులు అడగవచ్చు. ఆయన రెండు కాగితాలనూ పక్కన పెట్టి, రైతులను పిలిచి ఉన్న సంగతి చెప్పారు. అప్పు వత్తిడి ఉన్నవారి సరుకు అమ్మించారు. ఆగగలిగిన వారిది ఆపారు. తన సరుకులో సగం అమ్మి సగం ఉంచుకున్నారు. అది ఏ నమూనా చెప్పిన సలహా కాదు. ఏ కాగితం నమ్మాలో తెలియనివాడు చేసే పని. చందా కట్టి తెప్పించుకున్న లెక్క అక్కరకు రాకుండా పోయింది. అంకె తప్పో ఒప్పో కూడా ఆయనకు ఈనాటికీ తెలియదు.

ఆ సంస్థ కాగితం అడుగున ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది: ఈ అంచనాలో మార్పు సాఫ్ట్‌వేరు వెర్షన్ మారినందువలన వచ్చినది, మార్కెట్ స్థితిలో మార్పు లేదు అని. వచ్చే సీజను చందా కట్టే ముందు వర్తక మిత్రులు ఆ ఒక్క వాక్యం అడగాలి. రాసి ఇవ్వని వారికి చందా కట్టకపోవడమే ఉత్తమం.